నాలుగు ఊళ్ళలో ఆఫీసులుంటే బ్యాకప్ ఎక్కడ పెట్టాలి? డిస్కు, నాస్, క్లౌడ్ పోలిక

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. అదే రోజు మున్నేరు పొంగి ఖమ్మంలో కాలనీలు మునిగాయి. రెండు ఊళ్ళ మధ్య వంద కిలోమీటర్ల పైనే దూరం, రాష్ట్రాలు కూడా వేరు, వాన మాత్రం ఒక్కటే. హెడ్డాఫీసు విజయవాడలో, బ్రాంచి ఖమ్మంలో ఉండి, ఇక్కడి బ్యాకప్ అక్కడ, అక్కడిది ఇక్కడ దాచుకునే కంపెనీకి కాగితం మీద ఆఫ్‌సైట్ బ్యాకప్ ఉన్నట్టే లెక్క. ఆ రోజు మాత్రం ఆ రెండు కాపీలూ ఒకే ప్రమాదంలో ఉన్నట్టు. పైగా నందిగామ దగ్గర ఐతవరంలో హైవే మీదికి నీళ్ళొచ్చి హైదరాబాదు రోడ్డు ఆగిపోయింది, కేసముద్రం దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, కాబట్టి ఇంకో కాపీ హైదరాబాదులో భద్రంగా ఉన్నా దాన్ని తెప్పించుకునే దారి లేదు.

బ్యాకప్ గురించి అడిగేవాళ్ళు చాలామంది ఏ సాఫ్ట్‌వేర్, ఏ బ్రాండ్ నాస్ (ఆఫీసు నెట్‌వర్క్‌కు తగిలించే డిస్కుల పెట్టె), ఏ క్లౌడ్ చవక అన్న దగ్గర మొదలుపెడతారు. నేనైతే ముందు ఒక కాగితం మీద ఆఫీసులన్నీ రాసి, ఏ రెండింటిని ఒకే దెబ్బ పడగొట్టగలదో గీతలు గీయమంటాను. ఏం కొనాలన్నది ఆ తర్వాత చాలా తేలిగ్గా తేలుతుంది.

మాట్లాడుకోవడానికి ఒక ఊహా కంపెనీ పెట్టుకుందాం. మందుల డిస్ట్రిబ్యూటర్. హెడ్డాఫీసు విజయవాడ, బ్రాంచిలు ఖమ్మం, విశాఖపట్నం, హైదరాబాదు. అకౌంట్లు టాలీలో, బిల్లింగ్, స్టాకు ఒక ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో, మిగతావి స్కాన్ చేసిన ఇన్వాయిస్‌లు, ఎక్సెల్ షీట్లు, డ్రగ్ లైసెన్స్ కాగితాలు. మొత్తం ఒకటిన్నర టీబీ ఉందంటారు. కూర్చుని విడదీస్తే టాలీ, డేటాబేస్ కలిపి 40 జీబీ, అవసరమైన ఫైళ్ళు 500 జీబీ లోపు, మిగతాదంతా పాత సెటప్ ఫైళ్ళు, మూడేసి సార్లు కాపీ అయిన ఫోల్డర్లు, ఎవరిదో పెళ్ళి వీడియో. ఈ విడదీత చేయకుండా కొటేషన్లు అడిగితే ఒకటిన్నర టీబీకి డబ్బు కడతారు.

## ముందు తేల్చుకోవాల్సినవి

ఒకే దెబ్బ. వరద, తుఫాను, మంటలు, దొంగతనం అందరికీ తడతాయి. విజయవాడ, గుంటూరు, తెనాలి అన్నీ కృష్ణకు దగ్గర్లోనే. విశాఖ, కాకినాడ ఒకే తుఫానుకు చిక్కగలవు. తట్టనిది పాస్‌వర్డ్. నాలుగు బ్రాంచిల నాస్‌లకూ ఒకటే అడ్మిన్ పాస్‌వర్డ్ ఉంటే, ఫైళ్ళకు తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ వాడికి ఆ నాలుగు ఊళ్ళూ ఒకే గది. అలాగే సర్వరు, బ్యాకప్ రెండూ ఒకే క్లౌడ్ అకౌంట్లో, ఒకే లాగిన్ కింద ఉంటే అవీ ఒక్క చోట ఉన్నట్టే. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటాసెంటరు కాలిపోయినప్పుడు, సర్వరు పక్కనే అదే క్యాంపస్‌లో బ్యాకప్ ఉంచుకున్న కస్టమర్లలో కొందరికి రెండూ పోయాయి. క్లౌడ్ అన్నంత మాత్రాన దూరం అనుకోకూడదు.

ఎంత పని పోతే ఓర్చుకోగలం. రాత్రి బ్యాకప్ అయ్యాక మర్నాడు సాయంత్రం సర్వరు పోతే ఆ రోజు బిల్లులన్నీ పోతాయి. బిల్లుల కాగితం కాపీలు ఉంటే ఇద్దరు కూర్చుని మళ్ళీ ఎంటర్ చేసుకుంటారు, విసుక్కుంటూనే అయినా పని అవుతుంది. ఆర్డర్లు యాప్‌లోనో వాట్సాప్‌లోనో వస్తుంటే మాత్రం మళ్ళీ ఎంటర్ చేయడానికి చేతిలో ఏమీ ఉండదు. అప్పుడు రోజుకొకసారి చాలదు, గంటకోసారి కావాలి.

ఎంతసేపట్లో మళ్ళీ లేవాలి. ఇది పై ప్రశ్నకు వేరు, చాలామంది రెండూ కలిపేస్తారు. డేటా భద్రంగా ఉండటం ఒకటి, దాన్ని పెట్టి నడపడానికి మిషను, కరెంటు, నెట్ ఉండటం ఇంకొకటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకాక ఊళ్ళో చాలా చోట్ల కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. అలాంటప్పుడు క్లౌడ్‌లో బ్యాకప్ ఉన్నా విశాఖ ఆఫీసులో కూర్చుని దించుకునే వీలుండదు. కాబట్టి ప్రతి బ్రాంచికీ ‘ఇది పడితే దీని పని ఎక్కడ నుంచి నడుస్తుంది’ అని ఇంకో బ్రాంచి పేరు ముందే రాసి ఉండాలి.

మన లైన్ ఎంత మోస్తుంది. లెక్క ఎప్పుడూ అప్‌లోడ్ స్పీడుతో వేయాలి. ఇవి కాగితం మీది అంకెలు, నిజంగా ఇంకాస్త ఎక్కువే పడుతుంది:

| డేటా | 20 ఎంబీపీఎస్ | 50 ఎంబీపీఎస్ | 100 ఎంబీపీఎస్ |
|---|---|---|---|
| 40 జీబీ | నాలుగున్నర గంటలు | రెండు గంటల లోపు | గంట లోపు |
| 500 జీబీ | రెండు రోజుల పైన | 22 గంటలు | 11 గంటలు |
| 1.5 టీబీ | సుమారు 7 రోజులు | సుమారు 3 రోజులు | 33 గంటలు |

ఇది మొదటిసారికి మాత్రమే. ఆ తర్వాత మారిన భాగమే వెళ్తుంది కాబట్టి రాత్రిపూట అయిపోతుంది. కానీ తిరిగి దించుకునే రోజున మొత్తం దించుకోవాలి, ఆ సంగతి మరిచిపోవద్దు. ఇంకోటి, అన్‌లిమిటెడ్ అని రాసే ప్లాన్లలో చాలా వాటికి నెలకు 3.3 టీబీ దగ్గర కోత ఉంటుంది, అది దాటితే స్పీడు పడిపోతుంది. మొదటి అప్‌లోడ్ నెలలో ఇది తగులుతుంది.

చట్టం. కంపెనీల చట్టం కింద రిజిస్టరైన వాళ్ళయితే, 2022 ఆగస్టు సవరణ తర్వాత, ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న అకౌంట్ల పుస్తకాల బ్యాకప్ ప్రతిరోజూ జరగాలి, ఆ సర్వరు భౌతికంగా భారతదేశంలో ఉండాలి. అంతకు ముందు ‘పీరియాడిక్’ అని ఉండేది, దాన్ని ‘డైలీ’ చేశారు. వారానికోసారి డిస్కు మోసుకెళ్ళే పద్ధతి ఒక్కటీ ఈ రూలుకు చాలదు, విదేశీ చవక స్టోరేజీ ఒక్కటీ చాలదు. పుస్తకాలు ఎనిమిదేళ్ళు, జీఎస్టీ రికార్డులయితే వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. ఆడిటరుగారితో ఒకసారి మాట్లాడి, ఏవి ఎన్నాళ్ళు అన్నది రాయించుకోండి.

చూసే మనిషి. ప్రతి బ్రాంచిలో ఐటీ మనిషి ఉండడు. ఖమ్మం బ్రాంచిలో బ్యాకప్ చూసేది క్యాషియరే. ఆయన చేత ఏడు క్లిక్కులు చేయించే పద్ధతి ఏదైనా మూడో వారానికి ఆగిపోతుంది.

## ఒకటో దారి: డిస్కు చేత్తో మోసుకెళ్ళడం

దీన్ని చూసి నవ్వేవాళ్ళుంటారు, నేను నవ్వను. వైరు తీసేసిన డిస్కును ఏ రాన్సమ్‌వేరూ చెరపలేదు, దీనికి అదే పెద్ద బలం. తిరిగి ఎక్కించేటప్పుడు కూడా 500 జీబీ యూఎస్‌బీ 3 డిస్కు నుంచి రెండు గంటల్లో దిగిపోతుంది, అదే నెట్ మీద అయితే పొద్దున మొదలుపెడితే మర్నాటికి.

పద్ధతిగా చేస్తే ఇలా ఉంటుంది. మూడు డిస్కులు. ఒకటి సర్వరుకు తగిలించి, ఒకటి దారిలో, ఒకటి హైదరాబాదు బ్రాంచి బీరువాలో. డిస్కు మీద తెల్ల టేపు అంటించి ఏ, బీ, సీ అని, దాని కింద చివరిగా రాసిన తేదీ. పక్కన ఒక రూళ్ళ నోటుబుక్: తేదీ, ఏ డిస్కు వెళ్ళింది, ఏది వచ్చింది, తెచ్చినవాళ్ళ సంతకం. ఆ నోటుబుక్‌లో రెండు వరుసలు ఖాళీగా కనిపించాయంటే బ్యాకప్ ఆగిపోయిందని వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

డిస్కును తప్పనిసరిగా ఎన్‌క్రిప్ట్ చేయండి (పాస్‌వర్డ్ లేనిదే చదవలేకుండా), విండోస్‌లోని బిట్‌లాకర్ చాలు. బస్సులోనో కొరియర్‌లోనో డిస్కు పోతే కస్టమర్ల లెడ్జర్లన్నీ దొరికినవాడి చేతిలో ఉంటాయి. డిస్కును ఊరికే అటూ ఇటూ తిప్పే అలవాటు కూడా మంచిది కాదు, కింద పడితే పోతుంది.

దీని బలహీనత వారం రోజుల గండి. శనివారం వెళ్ళిన డిస్కులో శుక్రవారం దాకానే ఉంటుంది, మరుసటి గురువారం సర్వరు పోతే ఐదు రోజుల పని గాలికి. పైగా మోసే మనిషి సెలవు పెడితే పద్ధతి కూడా సెలవు పెడుతుంది.

## రెండో దారి: బ్రాంచి నుంచి బ్రాంచికి నాస్

ప్రతి బ్రాంచిలో చిన్న నాస్, అవి రాత్రిపూట ఒకదానికొకటి కాపీలు పంపుకోవడం. సినాలజీ బ్రాండ్ నాస్‌లో హైపర్ బ్యాకప్, క్యూనాప్ బ్రాండ్‌లో హెచ్‌బీఎస్ అనే ప్రోగ్రాములు ఈ పనికే ఉన్నాయి. నెలనెలా అద్దె లేదు, డేటా మన చేతిలో ఉంటుంది, దేశం దాటదు, చట్టం ముచ్చట తీరుతుంది. విజయవాడ సర్వరు పోయినప్పుడు హైదరాబాదు నాస్ నుంచే నేరుగా లేపుకోవచ్చు. నాలుగు ఆఫీసులున్న కంపెనీకి ఇది చాలా సహజమైన దారి, ఎందుకంటే వేరే చోటు అద్దెకు తీసుకోకుండానే మనకి వేరే చోట్లు ఉన్నాయి.

అయితే జతలు కుదర్చడంలో జాగ్రత్త కావాలి. విజయవాడకు జత ఖమ్మం పెట్టకండి, హైదరాబాదు పెట్టండి. ఖమ్మానికి, విశాఖకు కూడా హైదరాబాదే మేలు. అప్పుడు అన్నీ హైదరాబాదుకే వెళ్తున్నాయి కదా, హైదరాబాదు పోతే? మిగతా మూడు ఊళ్ళలో అసలు డేటా ఉంటుంది, హైదరాబాదు సొంత డేటాను మాత్రం విజయవాడకో విశాఖకో పంపాలి. ఆఫీసు గ్రౌండ్‌ఫ్లోర్లో ఉంటే నాస్‌ను కింద ర్యాకులో కాకుండా ఎత్తులో పెట్టించండి, పై అంతస్తు ఉన్న బ్రాంచి ఉంటే ఆ బ్రాంచినే ఎంచుకోండి.

ఇక నెట్‌వర్క్. మన దగ్గర చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ (నెట్‌లో బయటివాళ్ళు చేరుకోగల అడ్రసు) ఉండదు, ప్రొవైడరు వందలమందిని ఒకే ఐపీ వెనక కూర్చోబెడతాడు. అందువల్ల నాస్ బయటినుంచి కనిపించదు. అప్పుడు లోకల్ టెక్నీషియన్ వచ్చి స్టాటిక్ ఐపీ (మారని సొంత అడ్రసు) తీసుకోండి, పోర్టు (బయటి నుంచి నాస్‌లోకి వచ్చే ద్వారం) తెరిచేస్తాను అంటాడు. ఆ పోర్టు తెరవనివ్వకండి. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన క్యూనాప్ నాస్‌ల మీదే పడింది, వేలమంది ఫైళ్ళు లాక్ అయ్యాయి. బ్రాంచిల మధ్య వీపీఎన్ (నెట్ మీదే మనవాళ్ళకు మాత్రమే తెరుచుకునే రహస్య దారి) పెట్టుకోండి. వైర్‌గార్డ్ తెలిసినవాళ్ళుంటే అది, లేదంటే టెయిల్‌స్కేల్ లాంటిది పబ్లిక్ ఐపీ లేకపోయినా పనిచేస్తుంది.

ఇంకో మూడు చిన్న పట్టింపులు, నా లెక్కలో ఇవి బ్రాండ్ కన్నా ముఖ్యం. బ్యాకప్ నాస్‌ను విండోస్ డొమైన్‌లో (ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ ఒకే అడ్మిన్ కింద ఉంచే ఏర్పాటు) కలపకండి, డొమైన్ అడ్మిన్ పాస్‌వర్డ్ పోతే అది కూడా పోతుంది. బ్రాంచి సర్వరు వచ్చి బ్యాకప్‌లో రాసే పద్ధతి కన్నా, బ్యాకప్ మిషనే వెళ్ళి బ్రాంచి నుంచి లాక్కునే పద్ధతి మేలు, ఎందుకంటే వైరస్ పట్టిన సర్వరు దగ్గర బ్యాకప్ తాళాలు ఉండవు. స్నాప్‌షాట్లు (ఆ క్షణానికి డేటా ఎలా ఉందో అలా దాచే నకళ్ళు) తప్పక ఆన్ చేయండి; సినాలజీ నాస్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ డీఎస్‌ఎమ్ 7.2 నుంచి కొన్నాళ్ళపాటు అడ్మిన్ కూడా చెరపలేని స్నాప్‌షాట్లు కొన్ని మోడళ్ళలో వచ్చాయి, కొనేముందు మీ మోడల్లో ఉందో లేదో చూసుకోండి.

## మూడో దారి: క్లౌడ్ స్టోరేజీ

అమెజాన్‌కు ముంబైలో 2016 నుంచి, హైదరాబాదులో 2022 నుంచి రీజియన్లు, అంటే డేటాసెంటర్ల గుంపులు, ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ అజూర్‌కు పుణె, చెన్నై, ముంబై, గూగుల్‌కు ముంబై, ఢిల్లీ. మీ ఆఫీసు హైదరాబాదులో ఉంటే బ్యాకప్‌కు ముంబై తీసుకోండి, ఒకే ఊళ్ళో రెండూ ఎందుకు.

వరద, తుఫాను, దొంగ అన్న మూడు దెబ్బలకూ ఇది చాలా గట్టి జవాబు. రాన్సమ్‌వేర్‌కు కూడా, ఆబ్జెక్ట్ లాక్ (గడువు దాకా ఫైలును చెరపనివ్వని తాళం) పెడితేనే. అమెజాన్ స్టోరేజీ ఎస్3లో కంప్లయన్స్ మోడ్ లాక్ పెట్టిన ఫైలును గడువు తీరేదాకా అకౌంటు రూట్ యూజరు కూడా చెరపలేడు. ఉత్సాహంలో ఎనిమిదేళ్ళ లాక్ పెట్టేస్తే ఎనిమిదేళ్ళూ బిల్లు కట్టాల్సిందే, కాబట్టి 30 రోజుల దగ్గర మొదలుపెట్టండి. లాక్ లేకుండా మామూలుగా పెట్టిన క్లౌడ్ బ్యాకప్‌ను, ఆ యాక్సెస్ కీ దొరికినవాడు ఒక్క కమాండ్‌తో ఊడ్చేయగలడు.

డబ్బు సంగతి. అమెజాన్ ముంబైలో స్టాండర్డ్ స్టోరేజీ జీబీకి నెలకు రెండున్నర సెంట్ల చుట్టుపక్కల, అంటే 500 జీబీకి నెలకు వెయ్యి రూపాయల పైచిలుకు, దాని మీద జీఎస్టీ. పెట్టడానికి ట్రాఫిక్ చార్జీ లేదు. బయటికి తీయడానికి జీబీకి సుమారు 11 సెంట్లు, నెలకు మొదటి 100 జీబీ ఉచితం, కాబట్టి 500 జీబీ మొత్తం దించుకుంటే మూడున్నర, నాలుగు వేలు. ధరలు మారుతుంటాయి, కొనే రోజున చూసుకోండి, కానీ లెక్క తీరు ఇదే: పెట్టేటప్పుడు చవక, తీసేటప్పుడు ఖరీదు. ఏడాదికొకసారి కష్టంలో తీసేవాళ్ళకు ఇది భారం కాదు. నెలనెలా మొత్తం దించి టెస్టు చేస్తాననేవాళ్ళకు భారమే.

గ్లేసియర్ డీప్ ఆర్కైవ్ లాంటి చవక అటకలు కూడా ఉన్నాయి. పెట్టింది రేపే చెరిపినా 180 రోజుల డబ్బు పడుతుంది, తీయాలంటే 12 గంటలు, చవక పద్ధతిలో 48 గంటలు ఆగాలి, ఆ తర్వాతే డౌన్‌లోడ్ మొదలు. పాత సంవత్సరాల పుస్తకాలకు భేషుగ్గా ఉంటుంది. రేపు పొద్దున బిల్లింగ్ కౌంటరు తెరవాల్సిన డేటాబేస్‌ను అందులో పెట్టకండి.

రెస్టిక్, ఆర్‌క్లోన్, వీమ్ లాంటి ప్రోగ్రాములు ఏవైనా క్లౌడ్‌లోకి పంపుతాయి. రెస్టిక్ ఉచితం, పంపకముందే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, కాకపోతే కమాండ్ లైన్ (ఆదేశాలు టైపు చేసి నడపడం) అంటే భయం లేని మనిషి కావాలి.

## నాలుగో దారి: ఎవరో ఒక కంపెనీకి అప్పగించడం

ప్రతి మిషన్లో ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రాము వేస్తారు, అది వాళ్ళ క్లౌడ్‌లోకి పంపుతుంది, ఆగిపోతే వాళ్ళే ఫోన్ చేస్తారు. ఐటీ మనిషి లేని ఆఫీసులకు ఇది సుఖం, ఖర్చు ఎక్కువైనా జీతంతో పోలిస్తే తక్కువే. సంతకం పెట్టేముందు ఇవి అడిగి రాతలో తీసుకోండి: డేటా ఏ ఊరి డేటాసెంటర్లో ఉంటుంది, ఎన్‌క్రిప్షన్ కీ ఎవరి దగ్గర, మొత్తం డేటా తిరిగి ఇవ్వడానికి ఎన్ని గంటలు, కాంట్రాక్టు ఆపేశాక ఎన్ని రోజులు ఉంచుతారు. నాలుగో ప్రశ్నకు నీళ్ళు నమిలేవాళ్ళతో పెట్టుకోకండి.

## మిగతావి

టేపు ఇంకా బతికే ఉంది. ఎల్‌టీఓ-9 క్యాసెట్ ఒక్కటి 18 టీబీ పడుతుంది, క్యాసెట్ చవకే, డ్రైవే లక్షల్లో ఉంటుంది. పదుల టీబీలు లేనివాళ్ళు ఈ పేరా వదిలేయవచ్చు.

గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ సింక్‌ను బ్యాకప్ అనడం మాత్రం ఆపాలి. ఇక్కడ ఫైలు లాక్ అయితే అక్కడా లాక్ అయిన ఫైలే కూర్చుంటుంది. పాత వెర్షన్లు కొన్నాళ్ళు ఉంటాయి, కొన్ని ప్లాన్లలో మొత్తం ఒకేసారి వెనక్కి తిప్పే వీలూ ఉంటుంది, నిజమే, కానీ ఆ గడువు దాటాక చూసుకుంటే ఏం లాభం? నడుస్తున్న డేటాబేస్ ఫైలును సింక్ ఫోల్డర్లో పెట్టడం ఇంకా ప్రమాదం, సగం రాసిన ఫైలు పైకి వెళ్ళి కూర్చుంటుంది.

## ఒక్క చూపులో

| దారి | వరద, తుఫాను | రాన్సమ్‌వేర్ | పోయే పని | తిరిగి లేవడం | ఖర్చు తీరు |
|---|---|---|---|---|---|
| చేతి డిస్కు | వేరే ఊళ్ళో ఉంటే బాగు, రోడ్డు తెగితే చిక్కు | చాలా గట్టి | వారం దాకా | దగ్గరుంటే గంటలు | ఒకసారి, తక్కువ |
| బ్రాంచి నాస్ | జతను బట్టి | స్నాప్‌షాట్, వేరే పాస్‌వర్డ్ ఉంటే బాగు | గంట నుంచి రోజు | వేగం | ఒకసారి, ఎక్కువ |
| క్లౌడ్ | చాలా గట్టి | లాక్ ఉంటేనే గట్టి | గంట నుంచి రోజు | లైన్‌ను బట్టి | నెలనెలా |
| అప్పగింత | గట్టి | కాంట్రాక్టును బట్టి | గంట నుంచి రోజు | కాంట్రాక్టును బట్టి | నెలనెలా, ఎక్కువ |
| డ్రైవ్ సింక్ | బాగు | బలహీనం | తక్కువ | విసుగు | నెలనెలా |

మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి బయట అన్న 3-2-1 సూత్రం అందరూ వినే ఉంటారు. పైన ఏ దారీ ఒంటరిగా దాన్ని పూర్తి చేయదు, రెండు కలపాలి. ఏ రెండు అన్నదే అసలు ప్రశ్న.

## మీరెవరైతే ఏది

రెండు చిన్న ఆఫీసులు, పదిమంది లోపు, ఐటీ మనిషి లేడు. సీఏ ఆఫీసులు, చిన్న ట్రేడర్లు ఇక్కడికి వస్తారు. క్లౌడ్‌కు రోజూ రాత్రి, దానితో పాటు వారానికొక చేతి డిస్కు. నాస్ వద్దు. నాస్ అమ్మేవాళ్ళు ఒప్పుకోరు గానీ, అప్‌డేట్ చేసేవాళ్ళు లేని నాస్ రెండేళ్ళలో రక్షణ కన్నా బెడద అవుతుంది. టాలీ డేటాను ఎవరూ టాలీ తెరిచి ఉంచని వేళలో కాపీ చేయించండి, రాత్రి తొమ్మిది దాకా కూర్చునే జూనియర్లున్న ఆఫీసులో పదింటికి షెడ్యూల్ పెడితే ఎప్పుడో ఒకరోజు తెరిచిన కంపెనీ మీదే బ్యాకప్ నడుస్తుంది, అర్ధరాత్రి దాటాక పెట్టండి.

మన మందుల డిస్ట్రిబ్యూటర్ లాంటివాళ్ళు. నాస్ జతలు, దాని మీద హైదరాబాదు నాస్ నుంచి ముంబై క్లౌడ్‌కు 30 రోజుల లాక్‌తో ఒక కాపీ. మామూలు రోజుల్లో ఎవరో ఎక్సెల్ చెరిపేస్తే నాస్ నుంచి రెండు నిమిషాల్లో వస్తుంది, అసలైన గండం వచ్చినప్పుడు క్లౌడ్ ఉంటుంది. 40 జీబీ టాలీ, డేటాబేస్ గంటకోసారి, మిగతా ఫైళ్ళు రాత్రికొకసారి చాలు. రెండింటినీ ఒకే షెడ్యూల్లో తోసేయడం వల్లే చాలా చోట్ల పగటిపూట నెట్ నెమ్మదించి, చివరికి ఎవరో బ్యాకప్‌నే ఆపేస్తారు.

డయాగ్నొస్టిక్ సెంటర్లు, ఆసుపత్రులు. వీళ్ళ ఇబ్బంది వేరు. పేషెంటు రికార్డులు చిన్నవి, స్కాన్లు కొండంత. ఒక సీటీ స్టడీయే వందల ఎంబీ. అంత డేటాకు బ్యాకప్ ఎక్కడ చేస్తాం అని వదిలేసే ఆలోచన వస్తుంది. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజాన్ ప్రభుత్వ డేటాసెంటరు కాలినప్పుడు ఉద్యోగుల ఫైళ్ళు 858 టీబీ పోయాయి, పరిమాణం పెద్దదని బయట కాపీ లేదు. స్కాన్లను నాస్ నుంచి నాస్‌కు, పాతవి చవక ఆర్కైవ్‌కు. రిజిస్ట్రేషన్, రిపోర్టులు, బిల్లింగ్ మాత్రం గంటగంటకూ లాక్ ఉన్న క్లౌడ్‌కు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు లాక్ అయినప్పుడు ఓపీ పనులు రోజుల తరబడి చేతిరాతతో నడిచాయి. దాడి తగలని ఒక బ్యాకప్ సర్వరు ఉండబట్టి ఈ-హాస్పిటల్ డేటా తిరిగొచ్చిందని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. ఆ ‘తగలని’ అన్నదానికే మీరు డబ్బు కట్టేది.

సర్వరే లేని ఆఫీసులు. అంతా మైక్రోసాఫ్ట్ 365, జోహో లాంటి చోట ఉందంటారు. వాళ్ళ సర్వరు పోదు, నిజమే, కానీ మీ ఉద్యోగి మెయిల్‌బాక్స్ చెరిపేసి వెళ్ళిపోతే గడువు దాటాక వాళ్ళు తెచ్చివ్వరు. నాలుగో దారిలో ఈ సేవలను బ్యాకప్ చేసే కంపెనీలున్నాయి, అది తీసుకోండి, నాస్ మాట మరిచిపోండి.

హైదరాబాదులో బ్యాక్ ఆఫీసు, అమెరికాలో క్లయింటు ఆఫీసు. న్యూజెర్సీలో అన్నయ్య, మాదాపూర్‌లో తమ్ముడు నడిపే కంపెనీలు మనవాళ్ళవి తక్కువేం లేవు. మీకు దూరం చిక్కు కాదు, కాంట్రాక్టు చిక్కు. క్లయింటు డేటా అమెరికా దాటకూడదని కాంట్రాక్టులో ఉంటే బ్యాకప్ కూడా దాటకూడదు, ఇక్కడి అకౌంట్ల పుస్తకాల బ్యాకప్ ఇక్కడే ఉండాలి. రెండింటినీ ఒకే బకెట్లో పోయకండి.

## కొన్నాక చేయాల్సినవి

2017 జనవరి 31న, సాఫ్ట్‌వేర్ కోడ్ దాచిపెట్టే సేవ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌ను చెరిపేశాడు. చూస్తే ఐదు రకాల బ్యాకప్, రెప్లికేషన్ (వేరే సర్వరుకు వెంటవెంటనే నకలు పంపడం) ఏర్పాట్లలో ఏదీ సరిగ్గా పనిచేయడం లేదు, ఆరు గంటల ముందు అదృష్టవశాత్తూ తీసిన ఒక స్నాప్‌షాట్ వాళ్ళను కాపాడింది. బ్యాకప్ ఫెయిల్ అయిందని చెప్పాల్సిన మెయిళ్ళు కూడా చేరకుండా ఆగిపోతూ ఉన్నాయి. అంత ఇంజనీర్లున్న చోట అలా ఉంటే ఖమ్మం క్యాషియరును అని ఏం లాభం. కాబట్టి ఫెయిల్ అయితే మెయిల్ వచ్చే ఏర్పాటును నమ్మకండి, సక్సెస్ అయినా రోజూ మెసేజీ వచ్చేలా పెట్టండి, అది రాని రోజే తేడా తెలుస్తుంది. మూడు నెలలకోసారి ఒక బ్రాంచి డేటాను ఇంకో బ్రాంచిలోని పాత మిషన్లో ఎక్కించి, టాలీ తెరిచి, నిన్నటి చివరి వోచరు నంబరు సరిపోయిందో లేదో చూడండి. ఫోల్డర్ సైజు చూసి సరిపెట్టుకోవద్దు.

ఎన్‌క్రిప్షన్ కీ, పాస్‌వర్డ్‌లు సర్వరులోని ఎక్సెల్ ఫైల్లోనే ఉంచడమంటే తాళంచెవి బీరువాలో పెట్టి బీరువా మూసేయడం. కాగితం మీద రాసి, కవరు సీలు వేసి, ఒకటి ఓనరు ఇంట్లో, ఇంకొకటి వేరే ఊళ్ళోని బ్రాంచి మేనేజరు దగ్గర. మేనేజరు మారిన రోజున పాస్‌వర్డూ, కవరూ మారాలి.

కొనే వరుస కూడా చెప్పేస్తాను, అన్నీ ఒకేసారి కొనే బడ్జెట్ చాలామందికి ఉండదు. ఈ వారంలో రెండు డిస్కులు కొని, మొదటి కాపీ తీసి ఊరు దాటించండి. తర్వాత నెలలో 40 జీబీ ముఖ్యమైన డేటాకు క్లౌడ్, లాక్‌తో. నాస్ జతలు ఆ తర్వాత, ముందు హెడ్డాఫీసుకూ హైదరాబాదుకూ, మిగతా బ్రాంచిలకు వచ్చే ఆర్థిక సంవత్సరంలో. సీసీటీవీ ఫుటేజీని ఈ లెక్కల్లోకి రానివ్వకండి, అది మొత్తం స్థలాన్నీ మింగేస్తుంది. ఏదైనా దొంగతనం కేసు క్లిప్పు కావాలంటే దాన్నొక్కటీ విడిగా తీసి పెట్టుకుంటే సరిపోతుంది.